హైబ్రిడ్ కారుకు టైర్లు మార్చేటప్పుడు మైలేజీ పోకుండా చూసుకోవడం ఎలా?

గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్... ఇవన్నీ 2022లో వచ్చిన హైబ్రిడ్ బళ్లు, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉన్నవి. అప్పట్లో ముచ్చటపడి కొన్నవాళ్లకు కంపెనీ టైర్లు అరిగిపోయే సమయం ఇదే. ఒడిశాలోని రాయగడలో, గుణుపురంలో, కోరాపుట్‌లో, బరంపురంలో మన తెలుగువాళ్లు కలిస్తే ఇప్పుడు తరచూ వినబడే మాట ఒకటుంది: "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది, బ్యాటరీ పోయిందేమో". చాలాసార్లు బ్యాటరీకి ఏమీ కాదు. తేడా టైర్ల దగ్గరే ఉంటుంది. అందులో కొంత సహజంగా వచ్చేది, కొంత మనం టైరు సరిగ్గా ఎంచుకోకపోవడం వల్ల వచ్చేది. మొదటిదాన్ని ఎవరూ ఆపలేరు. రెండోది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

ముందు హైబ్రిడ్‌కు టైరు ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవాలి. మామూలు పెట్రోలు కారులో శక్తి చాలా చోట్ల వృథా అవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బ్రేకు వేసిన ప్రతిసారీ బండి వేగమంతా వేడిగా మారి పోతుంది. హైబ్రిడ్ ఈ రెండింటినీ చాలావరకు ఆపుతుంది. ఆగినప్పుడు ఇంజిన్ ఆరిపోతుంది, బ్రేకు వేస్తే మోటారు జనరేటర్‌లా పనిచేసి కొంత శక్తిని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. కానీ టైరు తినే శక్తిని ఏ మోటారూ వెనక్కి తేలేదు. చక్రం తిరిగేటప్పుడు నేలకు ఆనిన చోట రబ్బరు నొక్కుకుని మళ్లీ లేస్తుంది, ఆ వంగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. మిగతా వృథాలు తగ్గాయి కాబట్టి హైబ్రిడ్‌లో దీని వాటా పెరిగి కనిపిస్తుంది. లీటరుకు 25 కిలోమీటర్లు ఇచ్చే బండిలో 4 శాతం తేడా అంటే ఒక కిలోమీటరు. డ్యాష్‌బోర్డు మీద అది ఇట్టే కళ్లకు కడుతుంది.

రోలింగ్ రెసిస్టెన్స్ 10 శాతం తగ్గితే ఇంధనం ఖర్చు సుమారు 1 నుంచి 2 శాతం తగ్గుతుంది. టైర్లు మారిస్తే మైలేజీ సగానికి సగం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాగని తేడా ఏమీ ఉండదన్నా నమ్మకండి. మంచి టైరుకూ చెడ్డ టైరుకూ మధ్య 3 నుంచి 6 శాతం దాకా తేడా రావచ్చు.

పాత టైరు దిగకముందే వివరాలు రాసుకోండి

షాపుకు వెళ్లే ముందు రోజే ఇంటి దగ్గర ఈ పని చేయండి. డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. దానిలో మీ బండికి తగిన టైరు సైజు, ముందు చక్రాలకు ఎంత గాలి, వెనక చక్రాలకు ఎంత గాలి, బండి నిండుగా ఉంటే ఎంత అన్నవి ఉంటాయి. దాన్ని ఫోటో తీసుకోండి.

తర్వాత టైరు పక్క గోడ మీద ఫోన్ టార్చి వేసి చదవండి. ఉదాహరణకు 215/60 ఆర్17 96హెచ్ అని ఉందనుకోండి. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం. 17 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 96 అన్నది బరువు సూచిక, ఒక్కో టైరు 710 కిలోల దాకా మోస్తుందని దాని అర్థం. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకునే టైరు. ఇవన్నీ రాసుకున్నాక కంపెనీ పేరు, మోడల్ పూర్తి పేరు కూడా రాయండి. పేరు పక్కన చిన్న అక్షరాలు, అంకెలు, గుర్తులు ఏమున్నా వదలొద్దు.

ఆ చిన్న గుర్తులు ఎందుకంటే, కార్ల కంపెనీలు కొత్త బండికి వేసే టైరును మైలేజీ పరీక్షను దృష్టిలో పెట్టుకుని ప్రత్యేకంగా చేయించుకుంటాయి. అదే పేరుతో బజారులో దొరికే టైరులో రబ్బరు మిశ్రమం వేరుగా ఉండొచ్చు. పేరు ఒకటే కదా అని తీసుకుంటే మైలేజీ తేడా కొట్టడానికి ఇదొక కారణం. కంపెనీ టైరు మీకు నచ్చి ఉంటే షాపువాళ్లను సరిగ్గా అదే గుర్తుతో ఉన్నది తెప్పించమని అడగండి. దొరక్కపోతే ఇబ్బందేం లేదు, ఎలా వెతకాలో కింద చెబుతున్నాను.

టైరు మార్చే సమయం వచ్చిందో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది. బటన్ల (టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు గళ్ల) మధ్య గాడిలో అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మ కనిపిస్తుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. బటన్లు అరిగి ఆ దిమ్మతో సమానమైతే చట్టప్రకారం కూడా ఆ టైరు పనికిరాదు. నా మాట వింటే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయండి, అందులోనూ జూన్‌లో వానలు మొదలవడానికి ముందే. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే దారిలో, రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ పోయే దారిలో వాన పడితే, గుండైన టైరుతో బండిని మలుపులో నిలబెట్టడం కష్టం.

సైజు మార్చకండి

షాపులో మొదట ఎదురయ్యే ప్రలోభం ఇదే. "సార్, ఒక సైజు వెడల్పు వేయండి, బండి లుక్కే మారిపోద్ది" అంటారు. లుక్కు మారుతుంది నిజమే, మైలేజీ కూడా మారుతుంది. వెడల్పైన టైరు బరువెక్కువ, గాలికి ఎక్కువ అడ్డు, చాలాసార్లు రోలింగ్ రెసిస్టెన్స్ కూడా ఎక్కువే. రిమ్ము 17 నుంచి 18కి పెంచితే చక్రం బరువు కూడా తోడవుతుంది. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయే బండికి ఆ బరువును ప్రతిసారీ కదిలించక తప్పదు. స్పీడోమీటరు లెక్క, దూరం లెక్క కూడా తప్పొచ్చు.

సన్న టైరు వేస్తే మైలేజీ వస్తుందని కొందరు అటువైపు పోతారు. అదీ వద్దు. బరువు సూచిక స్టిక్కర్‌లో ఉన్నదానికన్నా ఒక్క అంకె కూడా తగ్గకూడదు. 96 ఉండాల్సిన చోట 95 వేస్తే ఒక్కో టైరు మోసేది 690 కిలోలకు పడిపోతుంది. హైబ్రిడ్‌కు బ్యాటరీ, మోటారు బరువు అదనంగా ఉంటుంది. పండక్కి ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామాన్లు వేసుకుని విజయనగరం దిగే బండికి ఆ తేడా చిన్నదేం కాదు. అంకె పెరిగితే పర్వాలేదు, తగ్గితే వద్దు.

మీ బండి ఏ దారిలో తిరుగుతుందో నిజాయితీగా చూసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

బండి వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు విపరీతంగా పెరుగుతుంది, టైరు అడ్డు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి 16వ నంబరు జాతీయ రహదారి మీద బరంపురం నుంచి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా విశాఖకు 100 వేగంతో పోయేవారికి పెట్రోలు ఎక్కువగా గాలిని చీల్చుకు పోవడానికే ఖర్చవుతుంది. వాళ్లు టైరు కంటే ముందు వేగం తగ్గించుకుంటే ఎక్కువ మిగులుతుంది. అదే రాయగడ నుంచి మునిగుడ, బిస్సంకటక్, గుణుపురం, పార్వతీపురం వైపు 50, 60 వేగంతో రోజూ తిరిగేవారికి టైరు వాటా పెద్దది. మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కువమంది తిరుగుడు ఇలాంటిదే. అందుకే మంచి టైరు ఫలితం మనకు బాగా తెలుస్తుంది.

ఘాట్ల సంగతి వేరు. నూరు మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే చోట, బండిని పైకి లాగడానికి పట్టే శక్తి టైర్లు తినే శక్తికి ఐదారు రెట్లు ఉంటుంది. ఎక్కేటప్పుడు మైలేజీ పడిపోవడాన్ని టైరు మీదకు నెట్టకండి. దిగేటప్పుడు హైబ్రిడ్ కొంత తిరిగి రాబడుతుంది. కానీ ఈ బళ్లలో బ్యాటరీ చిన్నది, గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో 1 యూనిట్ కరెంటు కూడా పట్టదు. కోరాపుట్ పీఠభూమి నుంచి సాలూరుకు దిగే ఘాట్‌లో చాలాసార్లు దారి మధ్యలోనే బ్యాటరీ నిండిపోతుంది. ఇక అక్కడినుంచి ఇంజిన్ బ్రేకింగ్, మామూలు బ్రేకులే దిక్కు. అంటే ఘాట్ కింది సగంలో బండిని నిలబెట్టేది టైరు పట్టే. ఈ దారుల్లో తిరిగేవాళ్లు మైలేజీ కోసం తడి రోడ్డు మీద పట్టును వదులుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక ఆల్ టెరైన్ టైర్ల మాట. కాశీపురం, టికిరి వైపు గనుల లారీలు తిరిగే రోడ్లు చూసినవాళ్లకు గట్టి టైరు కావాలనిపించడం సహజం. షాపు అతను కూడా పెద్ద పెద్ద గళ్లున్న టైరును వేలితో గుచ్చి చూపించి "సార్, సైడ్‌వాల్ రాయిలా ఉంటది, మన ఘాట్లకు ఇదే కరెక్ట్" అంటాడు. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, దీనికి స్టార్ లేబుల్ ఎంత?" (ఈ లేబుల్ సంగతి కింద చెబుతాను.) పెద్ద గళ్లున్న టైరులో రబ్బరు మందం ఎక్కువ, వంగుడు ఎక్కువ, రోడ్డు మీద మోత ఎక్కువ, మైలేజీ తక్కువ. పొలం గట్ల మీద, బురదలో రోజూ తిరిగే బండికి అది సరే. వారానికోసారి మట్టి రోడ్డు ఎక్కే బండికి మామూలు రోడ్డు టైరే చాలు. ఆ ఒక్క రోజు నెమ్మదిగా పొండి.

లేబుల్ చదవడం నేర్చుకోండి

ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు చూస్తాం కదా, టైర్లకు కూడా బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ ఉంది. టైరు స్టార్లు రోలింగ్ రెసిస్టెన్స్‌ను బట్టి ఇస్తారు. స్టార్లు ఎక్కువైతే టైరు తినే శక్తి తక్కువ. అన్ని మోడళ్లకూ ఈ లేబుల్ కనబడదు, కనబడితే మాత్రం మీ పని సులువు.

రెండోది యూరప్ లేబుల్. పెద్ద కంపెనీల టైర్లు అక్కడ కూడా అమ్ముతారు కాబట్టి వాటి వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 2021 మే నుంచి అక్కడ ఏ (A) నుంచి ఈ (E) దాకా ఐదు తరగతులు ఉన్నాయి. ఇంధనానికి ఒక అక్షరం, తడి రోడ్డు మీద పట్టుకు ఒక అక్షరం, చప్పుడుకు డెసిబెల్స్ అంకె. కార్ల టైర్లలో ఇంధనం దగ్గర ఏ (A) రావాలంటే టన్ను బరువుకు రోలింగ్ రెసిస్టెన్స్ 6.5 కిలోలు దాటకూడదు. బీ అంటే 7.7 దాకా, సీ అంటే 9 దాకా, డీ అంటే 10.5 దాకా, అంతకు మించితే ఈ (E). ఈ (E) నుంచి బీ (B)కి మారితే దాదాపు మూడో వంతు తగ్గినట్టు, అంటే మైలేజీలో 3 నుంచి 6 శాతం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఒకే మోడల్‌లో కూడా సైజును బట్టి అక్షరం మారుతుంది. 15 అంగుళాల టైరుకు బీ వచ్చిందని మీ 17 అంగుళాల టైరుకు కూడా బీ అనుకోవద్దు, మీ సైజు గడిలోనే చూడండి. రెండు, మన దేశంలో అమ్మే టైరు ఇక్కడే తయారైనదైతే యూరప్‌లో అమ్మే దానితో అది అచ్చం ఒకటే అని చెప్పలేం. కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి మీ సైజు, మోడల్ రాసి అడగండి.

నేను పెట్టుకునే గీత ఇది: తడి పట్టు బీ కన్నా తగ్గకూడదు. ఆ గీత దాటినవాటిలో ఇంధనం అక్షరం ఏది మెరుగ్గా ఉంటే అది. పూర్వం ఈ రెండూ కలిసి దొరికేవి కావు. మైలేజీ కావాలంటే పట్టు పోయేది, పట్టు కావాలంటే మైలేజీ పోయేది. 1990ల మొదట్లో మిషలిన్ కంపెనీ రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి బదులు చాలావరకు సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కలపడం మొదలుపెట్టాక ఆ పేచీ చాలావరకు తీరింది. సిలికా కలిసిన రబ్బరు దొర్లేటప్పుడు తక్కువ వేడెక్కుతుంది, తడి రోడ్డును మాత్రం బాగా పట్టుకుంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఎకోపియా, యోకోహామా బ్లూఎర్త్, మిషలిన్ ఎనర్జీ లాంటివి మైలేజీని దృష్టిలో పెట్టుకుని అమ్మే వరసలు. వెతుకులాట వీటితో మొదలుపెట్టొచ్చు. కానీ పేరులో ఎకో ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే కావు, లేబుల్ చూశాకే డబ్బు ఇవ్వండి.

మన ప్రభుత్వం కూడా టైర్లకు రోలింగ్ రెసిస్టెన్స్, తడి పట్టు, చప్పుడు మీద కనీస ప్రమాణాలు తెచ్చింది. కొత్త డిజైన్లకు 2022 అక్టోబరు నుంచి అమలు చేస్తామని అప్పట్లో ప్రకటించింది. అవి కనీస ప్రమాణాలే. అందులో పాసైన టైర్లన్నీ సమానం కావు.

డబ్బు లెక్క వేయండి

మైలేజీ టైరుకు కాస్త ధర ఎక్కువ చెబితే వెనక్కి తగ్గే ముందు కాగితం మీద ఈ లెక్క వేయండి. బండి నిజంగా లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. టైర్లు 40,000 కిలోమీటర్లు తిరిగితే 2,000 లీటర్ల పెట్రోలు. 4 శాతం మిగిలితే 80 లీటర్లు. లీటరు 100 రూపాయల లెక్కన 8,000 రూపాయలు. నాలుగు టైర్లకు పంచితే ఒక్కోదానికి 2,000. అంటే మెరుగైన టైరు ఒక్కోటి 2,000 లోపు ఎక్కువైతే ఆ డబ్బు మీకు తిరిగి వస్తుంది. ఆంధ్ర వైపు బంకుల్లో పెట్రోలు ఇంకా ఖరీదు కాబట్టి అక్కడ కొట్టించుకునేవారికి లాభం ఇంకాస్త ఎక్కువ.

కానీ టైరు ఎన్నాళ్లు వస్తుందన్నది ఈ లెక్కను తలకిందులు చేయగలదు. నాలుగు టైర్లు 36,000 రూపాయలనుకోండి. 45,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 80 పైసలు. 30,000కే అరిగిపోతే కిలోమీటరుకు 1 రూపాయి 20 పైసలు. తేడా 40 పైసలు. పై లెక్కలో పెట్రోలు మీద మిగిలేది కిలోమీటరుకు 20 పైసలే. మైలేజీ కోసం త్వరగా అరిగే టైరు కొంటే రెండు రెట్లు పోగొట్టుకున్నట్టు. అందుకే అదే మోడల్ వేయించుకున్న ట్యాక్సీ డ్రైవర్లను అడగండి. రాయగడ స్టేషన్ బయట, బరంపురం బస్టాండు దగ్గర బళ్లు పెట్టుకుని ఉండేవాళ్లకు ఏ టైరు ఎన్ని వేలు తిరిగిందో నోటి లెక్కే.

కొనేటప్పుడు

మన చిన్న ఊళ్లలో 17 అంగుళాల సైజులో రెండు మూడు రకాలకు మించి ఉంచరు. ఉన్నదేదో వేసేసుకోవద్దు. ఒక వారం ముందే ఫోన్ చేసి తెప్పించమనండి, లేదా విజయనగరమో విశాఖో బరంపురమో వెళ్లే పని ఉన్నప్పుడు అక్కడ అడగండి. జీఎస్టీ రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కారు టైర్ల మీద అది 28 నుంచి 18 శాతానికి తగ్గింది. షాపువాళ్లు చెప్పే ధర ఆ తగ్గింపు తర్వాతదేనా అని బిల్లులో చూసుకోండి. బిల్లు లేకుండా కొంటే వారంటీ లేదు.

టైరు పక్క గోడ మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2325 అంటే 2025లో 23వ వారం. ఆరు నెలల లోపుదైతే చాలా మంచిది, ఏడాది దాటితే వేరేది తెమ్మనండి. మన ఎండలకు రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ఉన్న టైరు వాడకముందే గట్టిపడుతుంది. నాలుగింటికీ తేదీ చూడండి. మూడు కొత్తవి పెట్టి నాలుగోది పాతది ఇవ్వడం జరుగుతుంటుంది.

వీలుంటే నాలుగూ ఒకేసారి మార్చండి. కుదరకపోతే ఒకే ఇరుసు మీద రెండూ ఒకే మోడల్ ఉండాలి. ఆ కొత్త రెండింటినీ వెనక వేయించండి. ముందు చక్రాలే లాగుతాయి కదా అని చాలామంది ముందు వేయిస్తారు. కానీ తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండిని అదుపు చేయడం అలవాటు లేనివాళ్ల వల్ల కాదు.

బిగించేటప్పుడు దగ్గరుండండి

టీ తాగి వస్తానని వెళ్లకండి. ఈ అరగంటలో జరిగే పనులే రాబోయే నాలుగేళ్ల మైలేజీని నిర్ణయిస్తాయి. కొన్ని టైర్ల మీద తిరిగే దిక్కు చూపే బాణం ఉంటుంది, కొన్నిటి మీద బయటి వైపు ఏదో రాసి ఉంటుంది. అవి తప్పకూడదు. టైరు మీద పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వు దగ్గరకు తెచ్చి బిగించాలి, చక్రం ఊగకుండా సరిచేసే బ్యాలెన్సింగ్‌కు తక్కువ బరువులు పడతాయి. రబ్బరు వాల్వులు నాలుగూ కొత్తవి వేయించండి. లోపల గాలి కొలిచే సెన్సర్ ఉన్న బండైతే టైరు ఊడదీసే ముందే ఆ మాట చెప్పండి, బారు వేసేటప్పుడు అది విరిగితే ఖర్చు మీదే.

వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు చక్రాలు రవ్వంత లోపలికో బయటికో తిరిగి ఉంటే రెండు టైర్లూ రోడ్డు మీద పక్కకు రాసుకుంటూ పోతాయి. మైలేజీ పోతుంది, లోపలి అంచు నున్నగా అరుగుతుంది. మెషిన్ ఇచ్చే కాగితంలో ముందూ తర్వాతా అంకెలు ఉంటాయి. ఆ ప్రింటు అడిగి తీసుకోండి.

గాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఎంత మంచి టైరు కొన్నా దీన్ని పట్టించుకోకపోతే అంతా వృథా. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. ఐదు తగ్గితే ఒక శాతం, పైగా టైరు అంచులు అరగడం, వేడెక్కడం. గాలి తగ్గిన సైకిల్ తొక్కినప్పుడు తొడలకు తెలిసే బరువే కారు ఇంజిన్‌కూ తెలుస్తుంది.

స్టిక్కర్ మీద రాసిన అంకె చల్లని టైరుకు. రాత్రంతా నిలబెట్టిన బండికి ఉదయం చూడాలి. మే నెల మధ్యాహ్నం రాయగడ బంకులో, గుణుపురం నుంచి వచ్చిన వేడి మీద చూస్తే నాలుగైదు పీఎస్ఐలు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు గాలి వదిలేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. దీనికి ఎదురుగా జరిగేది చలికాలంలో. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే ఒక పీఎస్ఐ తగ్గుతుంది. కోరాపుట్, సెమిలిగుడలో ఉండేవాళ్లు అక్టోబరు మధ్యాహ్నం గాలి కొట్టించుకుని వదిలేస్తే, డిసెంబరు తెల్లవారుజామున ఒక్క చలి వల్లే మూడు నాలుగు పీఎస్ఐలు తగ్గి ఉంటుంది. చలికాలంలో మైలేజీ పడిపోవడానికి ఇదొక కారణం.

బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. చేతిలో పట్టే మీటర్ ఒకటి కొని డిక్కీలో ఉంచుకోండి, నెలకు రెండుసార్లు, ఊరు ప్రయాణానికి ముందు ఒకసారి చూడండి. స్టెప్నీకి కూడా. మైలేజీ కోసం స్టిక్కర్ అంకె కన్నా ఒకటి రెండు పీఎస్ఐలు ఎక్కువ పెట్టుకుంటే ఫర్వాలేదు. అంతకు మించితే మధ్య బటన్లు అరుగుతాయి, వానలో పట్టు తగ్గుతుంది. నైట్రోజన్ గురించి అడిగేవాళ్లకు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా కొడితే కొట్టించుకోండి, దానికోసం వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు.

మైలేజీ తగ్గినట్టు కనిపిస్తే ఇలా కొలవండి

మొదట్లో చెప్పిన సహజమైన తేడా ఇదే. టైరు అరిగేకొద్దీ వంగే రబ్బరు తగ్గి, రోలింగ్ రెసిస్టెన్స్ కూడా తగ్గుతూ వస్తుంది. అరిగిన టైరుకూ కొత్త టైరుకూ మధ్య 20 శాతం దాకా తేడా ఉండొచ్చు. కాబట్టి ఎంత మంచి టైరు వేసినా నిన్నటి గుండు టైరుతో పోలిస్తే కాస్త తగ్గుతుంది.

రెండో సంగతి చాలామందికి తెలియదు. 215/60 ఆర్17 టైరు వ్యాసం సుమారు 690 మిల్లీమీటర్లు. బటన్లు 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, దాదాపు 1.7 శాతం. కొత్త టైరు వేయగానే ఆ అదనం పోతుంది. 25 చూపించే బండి ఈ ఒక్క కారణంతోనే 24.6 చూపిస్తుంది. అక్కడ పెట్రోలు ఒక్క చుక్క కూడా ఎక్కువ ఖర్చు కాలేదు.

అందుకే మొదటి 500 కిలోమీటర్లు లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఫుల్ ట్యాంకు చేయించి, మళ్లీ ఫుల్ చేసేదాకా తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. కనీసం మూడు ట్యాంకుల సగటు చూడండి. పోల్చడం కూడా అదే దారికి, అదే కాలానికి జరగాలి. డిసెంబరు అంకెను మే నెల ఏసీ అంకెతో పోల్చకండి, కోరాపుట్ ఎక్కిన ట్యాంకును ఇచ్ఛాపురం వెళ్లిన ట్యాంకుతో పోల్చకండి.

ఇవన్నీ చూశాక కూడా 5 శాతం కన్నా ఎక్కువ తేడా నిలబడితే ముందు గాలి, తర్వాత అలైన్‌మెంట్ కాగితం, ఆ తర్వాత బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడండి. కాసేపు నడిపి ఆపాక రిమ్ముల దగ్గర చేయి పెట్టి చూస్తే, ఒకటి మాత్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేస్తోందని అర్థం. రిమ్మును ముట్టుకోకుండా దగ్గరగా మాత్రమే పెట్టండి, కాలుతుంది. ఈ మూడూ బాగుంటే అప్పుడు బ్యాటరీ పరీక్షకు బండి తీసుకెళ్లండి.

మన హైబ్రిడ్లలో చాలావాటికి లాగేదీ, బ్రేకులో శక్తి రాబట్టేదీ ముందు చక్రాలే. అందుకని ముందు టైర్లు వేగంగా అరుగుతాయి. ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకు ముందూ వెనకా మార్పించండి. బాణం గుర్తున్న టైర్లయితే అదే పక్కన ముందు నుంచి వెనక్కు మాత్రమే మార్చాలి.